ముద్ద కాని వస్తువులు

ఎర్రమెట్ట కాలనీ, మట్టి విభాగం. తనిఖీ పుస్తకం. రాస్తున్నది వీరవేణి.

అక్టోబరు 6

పొద్దున్న ఏడింటికి రెండో వరస నుంచి కబురు వచ్చింది. సువార్త, ప్రకాశం అనే భార్యాభర్తల ఇల్లు. మట్టి పాడైందట.

నేర్పుమట్టి పాడవడం కొత్తేమీ కాదు. గరిటె అడిగితే అట్లకాడ ఇస్తుంది. గిన్నె అడుగు పల్చబడి కారుతుంది. ముద్ద మీద అరచెయ్యి పెట్టి పేరు చెబితే ఇరవై లెక్కపెట్టేలోగా వస్తువు తయారవ్వాలి. మూడు గంటలపాటు ఎవరి చెయ్యీ తగలకపోతే అది తిరిగి ముద్దలో కలిసిపోవాలి. దాని పని ఇంతే. ఇరవై రెండేళ్ళుగా, ఇంటింటికీ తిరిగి ఇందులో ఏది తప్పిందో చూసి సరిచెయ్యడం నా పని.

సువార్త ఇంట్లో తప్పింది వేరు. తెల్లారి లేచేసరికి వంట మూలన ఒక పీట ఉంది. దాన్ని ఎవరూ అడగలేదు. జానెడు ఎత్తుంది. నాలుగు కాళ్ళలో ఒకటి పొట్టి. నడుమ ఎవరో ఏళ్ళ తరబడి కూర్చున్నట్టు అరిగి నున్నబడింది. మట్టి చేసే పీటలు అరగవు. అరిగేంత కాలం అవి ఉండవు.

అరచెయ్యి ఆనించి "ముద్ద" అన్నాను. మూడుసార్లు అన్నాను. పీట పీటలాగే ఉంది. పరికరం పెట్టి చూస్తే మట్టిలో దోషమేమీ లేదంటోంది. ప్రకాశం ఒకసారి దాని మీద కూర్చుని వెంటనే లేచిపోయాడని సువార్త చెప్పింది. ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు వెచ్చగా ఉందన్నాడట. ఆ మాట చెబుతున్నంతసేపూ ఆమె పీట వైపు చూడలేదు, తలుపు వైపే చూసింది.

నేను మళ్ళీ తాకి చూశాను. వెచ్చగానే ఉంది. పొయ్యికి అది బారెడు దూరంలో ఉంది.

కారణం తెలియదు అని రాసుకుని వచ్చాను.

అక్టోబరు 9

పద్నాలుగు ఇళ్ళు అయ్యాయి. ఒకరింట్లో చేట, ఒకరింట్లో కవ్వం. నాలుగో వరసలో కొత్తగా పెళ్ళయిన జంట ఇంట్లో పసిపిల్లలకు ఉగ్గు పోసే గిన్నె వచ్చింది. ఆ అమ్మాయి భయపడి దాన్ని వీధిలో పెట్టి తలుపేసుకుంది. మర్నాడు మిగిలిన ముద్దలోంచి అచ్చం అలాంటిదే ఇంకొకటి వచ్చింది, అంచున అదే సొట్టతో.

ఏ వస్తువూ కొత్తది కాదు. అన్నీ వాడినవే, వాడి వాడి ఒక పక్కకి అరిగినవే. కవ్వం అరిగిన తీరు చూస్తే దాన్ని చిలికిన మనిషిది ఎడమచేతి వాటమని తెలుస్తోంది.

మా పై అధికారి కూర్మారావుగారితో మాట్లాడాను. కట్టకీ మట్టికీ ఆయనే ఇంజనీరు. శ్రీకాకుళం వైపు మనిషి. ఆయన ఊరు మునగలేదు. చిన్నప్పటి నుంచీ హాస్టళ్ళలోనే పెరిగారట. కారణం ఆయన అరగంటలో పట్టేశారు. పాత మట్టి చాలక, మూడు నెలల కిందట సముద్రం అడుగు నుంచి తోడిన పూడిక కలిపి కొత్త మట్టి చేశాం. పూడిక తోడిన చోట ఒకప్పుడు ఊళ్ళుండేవి. కోనసీమ ఊళ్ళు, మావే. ముప్పై ఒక్క ఏళ్ళుగా నీళ్ళ కింద ఉన్నాయి. ఆ బురదలో ఏముందో మట్టి దాన్ని నేర్చుకుంది.

ఆయన నాతో, "వీరవేణిగారూ, ఇది దయ్యం కాదు. జ్ఞాపకం కూడా కాదు. ఒక పొరపాటు. పొరపాటుగానే రాయండి" అన్నారు.

అలాగే రాస్తున్నాను. దయ్యమన్న మాట ఆయన నోటి నుంచే మొదట వచ్చిందని మాత్రం గమనించాను.

ఆయన దిగులు వేరే. ఇళ్ళలో మిగిలే మట్టి ప్రతి తుపాను ముందూ కట్టకి వెళ్ళాలి. ఎర్రమెట్ట చుట్టూ ఉన్న కట్టకి సముద్రం వైపు మొహమంతా నేర్పుమట్టే. ఎక్కడ పగులు పడితే అక్కడికి మట్టి అందిస్తే అదే పూడ్చుకుంటుంది. వస్తువులై కూర్చున్న మట్టి కట్టకి పనికిరాదు.

అక్టోబరు 13

ఆరో వరస చివరింట్లో రహమతున్నీసా అనే ఆవిడ ఒక్కతే ఉంటుంది. ఎనభై దాటిన మనిషి. ఆవిడ ఫిర్యాదు చెయ్యలేదు, పక్కవాళ్ళు చెప్పారు. వెళ్ళేసరికి గది మధ్యన ఎత్తు మీద ఒక కొమ్ముచెంబు ఉంది. నమాజుకి ముందు చేతులూ కాళ్ళూ కడుక్కోవడానికి వాడే రకం. కొమ్ము ఒకప్పుడు విరిగితే లక్కతో అతికారు. ఆ అతుకు కూడా మట్టిలో దిగింది. చెంబు నిండా నీళ్ళు. పైన శుభ్రమైన గుడ్డ కప్పి ఉంది.

ఈ చెంబు మీ పుట్టింటిదా అని అడిగాను. కాదంది. వాళ్ళింట్లో చెంబు కొమ్ము ఎప్పుడూ విరగలేదట. ఎవరిదో తెలీదు. అయినా రోజూ కడిగి నీళ్ళు పోసి పెడుతోంది. దానితో తాను మాత్రం వజూ చేసుకోదు. తన కోసం ప్రతి పూటా వేరే చెంబు అడిగి చేయించుకుంటోంది.

ఎందుకని అడిగితే, పరాయివాళ్ళ వస్తువు అడక్కుండా వాడుకోకూడదు గదమ్మా అని మామూలుగా చెప్పి నాకు మంచినీళ్ళు ఇచ్చింది.

అక్టోబరు 16

నలభై ఒకటి.

జనం భయపడటం మానేశారు. నాకైతే దానికంటే ఇదే ఎక్కువ భయంగా ఉంది. సాయంత్రం పని దిగాక ఇళ్ళిళ్ళూ తిరుగుతున్నారు. పిలుపు లేకుండానే తలుపు దగ్గర నిలబడి, మీ ఇంట్లో ఏం వచ్చిందండీ అని అడుగుతున్నారు. చూస్తున్నారు. కాదని తల ఊపి పక్కింటికి వెళ్తున్నారు.

నిన్న సువార్త ఇంట్లో నేనుండగా పడవల రేవులో పనిచేసే అబ్బులు వచ్చాడు. యాభై ఏళ్ళవాడు, మాటకారి. పీటని చూడగానే మాట ఆగిపోయింది. బయటికెళ్ళి ఎండాకు ఒకటి తెచ్చి నాలుగు మడతలు పెట్టి, పొట్టి కాలి కింద దూర్చాడు. పీట ఊగడం మానింది. అప్పుడు దాని పక్కన నేల మీద కూర్చున్నాడు. పీట మీద కాదు.

"మా నాయనమ్మదండి. దీని మీద కూకునే మాకందరికీ ముద్దలు కలిపెట్టేది" అన్నాడు.

తీసుకుపొమ్మని సువార్త అంటుందనుకున్నాను. ఆమె అనలేదు, అతను అడగలేదు. వారానికొకసారి వచ్చి చూసి వెళ్తానన్నాడు. రావయ్యా, వచ్చినప్పుడు ఇక్కడే భోంచెయ్యి అంది సువార్త. వారం కిందట తలుపు వైపే చూసిన మనిషి ఇప్పుడు పీట మీద ధూళి తన కొంగుతో తుడుస్తోంది.

ఇంటికొచ్చి ఇదంతా మేనకతో చెప్పాను. మేనక నా కూతురు, పదిహేడేళ్ళు. ఈ మెట్ట మీదే పుట్టింది. మూడు గంటలకి మించి ఉండే ఇంటి సామానుని అది పుట్టాక చూడలేదు. అంతా విని, నాన్నది ఏదీ లేదేం మనింట్లో అని అడిగింది. వాళ్ళ నాన్న పోయి ఆరేళ్ళయింది. వాడిన కంచం, తాగిన గ్లాసు, కూర్చున్న కుర్చీ, ఏ పూటకాపూట ముద్దైపోయాయి. వస్తువుల మీద మోజు ఉండకూడదు, ఏదీ నిలవకపోవడమే మంచిదని నేను దానికి ఎప్పుడూ చెప్పే మాటే చెప్పబోయాను. చెప్పలేకపోయాను.

అక్టోబరు 19

ఇది పుస్తకంలో రాయాల్సింది కాదు. అయినా రాస్తున్నాను.

ఈ పొద్దున్న మా ఇంట్లో సిబ్బి వచ్చింది.

మేనక తెచ్చి, అమ్మా దీన్నేమంటారు అని నా చేతిలో పెట్టింది. వెచ్చగా, కొద్దిగా తడిగా ఉంది. అన్నం వార్చేటప్పుడు గిన్నె మూతి మీద బోర్లించే చిల్లుల పళ్ళెం. మట్టిరంగులో ఉంది గానీ అసలుది ఇత్తడి. చిల్లులు పువ్వులా ఉంటాయి. నడిమి చిల్లు మిగతావాటికంటే పెద్దది, అంచు వంకర. ఎనిమిదేళ్ళప్పుడు అందులో మేకు దూర్చి తిప్పి దాన్ని పెద్దది చేసింది నేనే. ఆ రోజు నుంచీ గంజితో పాటు మెతుకులు కూడా జారేవి. అమ్మ రోజూ నన్ను తిట్టుకుంటూనే వార్చేది. ఇంకొకటి కొనుక్కోలేదు.

నీళ్ళు ఊరిలోకి వచ్చిన రోజు నాకు పదమూడు. మధ్యాహ్నం. నాన్న మా తమ్ముణ్ణి భుజానికెత్తుకున్నాడు. నేను అమ్మ చెయ్యి పట్టుకుని గట్టు ఎక్కాను. సగం దూరం వెళ్ళాక అమ్మ ఆగింది. పొయ్యి మీద అన్నం ఉడికిపోయి ఉంటుంది, వార్చేసి గిన్నె పట్టుకొస్తాను, పిల్లలు ఏం తింటారు అంది. నేను చెయ్యి వదిలాను. ఆమె లాక్కోలేదు. నేనే వదిలాను. చేను దాటి, ఇంటి తలుపు దాకా వెళ్ళడం చూశాను. ఆ తర్వాత తలుపు లేదు.

ముప్పై ఒక్క ఏళ్ళు అమ్మ మీద కోపంగానే ఉన్నాను. గిన్నెడు అన్నం కోసం మమ్మల్ని వదిలేసిందని. ఏ వస్తువూ నిలవని ఊళ్ళో, వస్తువుల్ని నిలవనివ్వని ఉద్యోగం నేను కోరి తెచ్చుకున్నాను.

సిబ్బిలో వేలు పెట్టి నడిమి చిల్లు తడిమాను. వంకర అలాగే ఉంది. గంజి వాసన వచ్చింది. మేనకని అడిగాను, దానికీ వచ్చిందంది.

ఈ వస్తువు పేరు పట్టికలో ఎక్కించలేదు.

అక్టోబరు 21

తుపాను వార్త వచ్చింది. నాలుగు రోజుల్లో మన వైపే.

కట్ట కొలిచాం. ఉత్తరపు మూల పల్చబడింది. నిల్వ మట్టి సరిపోదు. ఇళ్ళలో వస్తువులై కూర్చున్నది నూట పన్నెండు. కూర్మారావుగారు ఒక గరిటెని బట్టీలో పెట్టించి కాల్పించారు. బాగా కాల్చాక వస్తువు పోయింది, దాని గుర్తూ పోయింది. కానీ దాదాపు సగం బూడిదైంది. మిగిలినది మాత్రం మాట వినే మట్టే.

సగమైనా ఉంటుంది కదా అన్నారు. ఇక్కడ మూడువేల మంది ఉన్నారు. ఆయన లెక్క తప్పని నేననలేను. అయినా గరిటె కాలుతున్నప్పుడు బట్టీ దగ్గరున్న నలుగురం ఎందుకో చెప్పులు విప్పి నిలబడ్డాం. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఆయన మా పాదాల వైపు చూశారు.

ఇరవై నాలుగో తేదీలోగా అన్నీ పోగు చెయ్యమని ఉత్తర్వు. పోగు చేసే పని నాది.

అక్టోబరు 23

సంచులు పట్టుకుని తిరిగాను. ఇచ్చినవాళ్ళు ఇచ్చారు. కొందరు కడిగి, తుడిచి ఇచ్చారు. ఉగ్గుగిన్నె వచ్చిన కొత్త పెళ్ళికూతురు దాన్ని తన పైటగుడ్డలో చుట్టి తెచ్చింది. గుడ్డ తిరిగి తీసుకోలేదు. సువార్త పీటని తనే మోసుకొచ్చింది. అబ్బులుకి ఏం చెప్పను అని మాత్రం అడిగింది.

రహమతున్నీసా ఇవ్వనంది. గొంతు పెంచలేదు. కూర్చోమని నాకు చాప చూపించి, ఎదురుగా కూర్చుంది.

"ఇది నాది కాదమ్మా. నాదైతే నువ్వడగ్గానే ఇచ్చేద్దును. ఎవరో నా దగ్గర అమానతు పెట్టేరు. దాచమని పెట్టినదాన్ని, ఆళ్ళొచ్చి అడక్కుండా కాల్చడానికి ఎలా ఇవ్వమంటావు?"

పెట్టినవాళ్ళు పోయి ముప్పై ఏళ్ళు దాటింది, ఇక రారు మామ్మా అన్నాను.

"రాకపోతే ఇంకా గట్టిగా దాచాల" అంది.

తుపాను గురించి చెప్పాను, కట్ట గురించి చెప్పాను. అంతా విని తల ఊపింది. నీ పని నువ్వు చెయ్యాలి, తప్పులేదు, నేనివ్వలేదని రాసుకో అంది. రాసుకున్నాను.

కాల్చిన గరిటె పోను నూట పదకొండు వస్తువులు పట్టికలో ఉన్నాయి. నూట పది బట్టీ పాకకి చేర్చాను. పట్టికలో లేని నూట పన్నెండోది మా వంటింట్లో ఉంది. ఇన్నేళ్ళలో ఈ పుస్తకంలో నేను రాసిన మొదటి అబద్ధం ఆ పట్టిక.

అక్టోబరు 27

ఇప్పుడు రాయగలుగుతున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

తుపాను చెప్పినదానికంటే ఒక పూట ముందొచ్చింది. ఇరవై నాలుగో తేదీ పొద్దున్నే గాలి లేచింది. పదింటికి కరెంటు పోయింది. బట్టీ వెలగలేదు. నూట పది వస్తువులూ సంచుల్లో అలాగే ఉండిపోయాయి.

పన్నెండింటికి ఉత్తరపు మూలలో పగులు. మూరెడు వెడల్పు, మనిషెత్తు. లోపలి వైపు మెట్ల మీద నిలబడి, నిల్వలో ఉన్న మట్టంతా అందించాం. మట్టి పగులు అంచుల దాకా వెళ్ళి పల్చగా సాగి తెగిపోతోంది. పట్టుకోవడానికి నడుమ గట్టిది ఏదీ లేదు. అందరూ పై వరసలకి ఎక్కండని కూర్మారావుగారు కేకేశారు. తాను కింది మెట్టు మీదే ఉండి చేతులతో మట్టి నొక్కుతున్నారు.

మేనకని పట్టుకుని ఎక్కుతున్నాను. మా వరస మలుపు దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. నువ్వు పద, నేను ఇంట్లోకెళ్ళి ఇప్పుడే వచ్చేస్తాను అన్నాను. అన్న తర్వాత ఆ మాట నాకే వినిపించింది. అమ్మ గొంతులా లేదు, నా గొంతే. కానీ ఆ మాట అనడానికి లోపల ఏం జరగాలో అది నాలో జరిగిపోయింది. అన్నం కోసం కాదు ఆమె వెళ్ళింది. పిల్లలకి ఇల్లంటూ ఒకటి మిగలాలంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలనిపించింది, అంతే. పెద్దగా ఆలోచించి ఉండదు.

మేనక నా చెయ్యి వదల్లేదు.

"ఒక్కదానివే ఎల్లకు. నేనూ వత్తాను" అంది.

వద్దన్నాను. వినలేదు. ఇద్దరం వెళ్ళాం. సిబ్బి తీసుకుని ఇద్దరం బయటికొచ్చాం. పైకి ఎక్కాల్సింది పోయి, కింద జనం ఉన్న వైపు ఎందుకు నడిచామో నాకిప్పటికీ చెప్పడం రాదు.

పగులు దగ్గరికి మాకంటే ముందు రహమతున్నీసా వచ్చి ఉంది. సువార్త ఆవిడ్ని నడుం పట్టుకుని నిలబెట్టింది. ఆవిడ చేతుల్లో కొమ్ముచెంబు. వెళ్ళిపొమ్మని కూర్మారావుగారు కోప్పడుతున్నారు. ఆవిడ చెంబుని ఆయన వైపు చాపింది.

"తీసుకో నాయనా. ఇప్పుడడిగేరు" అంది.

ఎవరడిగారని ఆయన అడగలేదు. నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి. చెంబు అందుకుని పగులులో పెట్టి, అలవాటు కొద్దీ అరచెయ్యి ఆనించి పేరు చెప్పారు: "కొమ్ముచెంబు." పల్చగా సాగిన మట్టి దాని చుట్టూ మూసుకుంది. తెగలేదు.

ఆయన తల తిప్పి మా వైపు చూశారు. ఆ ఒక్క చూపు చాలింది. అబ్బులూ ప్రకాశం బట్టీ పాకకి పరిగెత్తారు. సంచులొచ్చాయి. మెట్ల మీద వరసగా నిలబడ్డాం. చేటా కవ్వం అట్లకాడా, చేతి నుంచి చేతికి దిగాయి. ప్రతిదానికీ ఆయన పేరు చెబుతున్నారు, లోపల పెడుతున్నారు. పీట అబ్బులు చేతుల మీదుగానే వెళ్ళింది. ఉగ్గుగిన్నెని ఆ అమ్మాయే అందించింది. ఈసారి గుడ్డ లేదు.

నా వంతు వచ్చింది. మేనక నా వైపు చూసింది. సిబ్బి అందించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పారు.

"ఏమిటిది?" అన్నారు.

"సిబ్బి అంటారండి. అన్నం వార్చేది."

"సిబ్బి" అని ఆయన చెప్పారు. కొత్త మాట నేర్చుకునే పిల్లవాడిలా కొంచెం నెమ్మదిగా. అరచెయ్యి ఆనించారు. మట్టి మూసుకుంది.

దాని తర్వాత మూడో వస్తువో, నాలుగోదో. కట్ట మీది నుంచి అల ఒకటి దూకింది. అది కట్ట మీదుగా సముద్రంలోకి వెనక్కి మళ్ళేసరికి కింది మెట్టు మీద ఎవరూ లేరు. అబ్బులు నీళ్ళలోకి దూకి వెతికాడు. మళ్ళీ దూకాడు. మిగతా వస్తువుల్ని ప్రకాశం పెట్టాడు, పేర్లు మేము పైనుంచి చెబుతుంటే.

సాయంత్రం నాలుగింటికి గాలి మళ్ళింది. కట్ట నిలబడింది. కూర్మారావుగారు దొరకలేదు.

నవంబరు 5

కొత్త ఇంజనీరు ఇంకా రాలేదు. ఉత్తరపు మూలకి జనం వెళ్తున్నారు. లోపలి వైపు కట్ట మీద అక్కడక్కడా ఒక కొమ్ము, ఒక కాడ, ఒక అంచు బయటికి కనిపిస్తాయి. తాకితే వెచ్చగా ఉంటాయి. తుపాను తర్వాత ఏ ఇంట్లోనూ కొత్త వస్తువు రాలేదు. అడగని వస్తువు ఒక్కటీ లేకుండా ఇళ్ళు ఇదివరకటిలా బోసిగా ఉన్నాయి. నేను తిరుగుతూనే ఉన్నాను. రాయడానికేమీ లేదు.

కూర్మారావుగారి భార్య చూడామణిగారు నిన్న కబురు చేశారు. పిల్లలు లేరు. ఆవిడతో ఇంతకుముందు నాకు పరిచయం లేదు. లోపలికి వెళ్ళాను. గదిలో మధ్యన మట్టి ముద్ద, గోడకి ఆయన చొక్కా. ఆ చొక్కా కూడా కాలనీ ఆఫీసుదే, తిరిగి ఇచ్చెయ్యాలి.

ఆవిడ ఏడవలేదు. ఊళ్ళో వాళ్ళందరికీ ఏదో ఒకటి వచ్చింది కదా, మాకేమీ రాలేదు అంది. ఆయన ఊరు మునగలేదు. ఆయన పుట్టింది ఎక్కడో, పెరిగింది ఎక్కడో. ఇరవై ఏళ్ళు ఈ గదిలో ఉన్నాడు. తిన్న కంచం లేదు, కూర్చున్న చోటు లేదు.

"నేనే రోజూ ముద్ద చేసేసేదాన్ని. మూడు గంటలు ఆగడం కూడా ఎందుకని చేత్తో నొక్కేసేదాన్ని. ఇల్లు శుభ్రంగా ఉంటాదని."

ఆ పాఠం ఇళ్ళిళ్ళూ తిరిగి చెప్పినదాన్ని నేనే.

పొద్దున్న లేచి ముద్ద మీద చెయ్యి పెట్టి కంచం అడిగిందట. వచ్చింది. మామూలు కంచం, ఎవరికైనా వచ్చేదే. అది ఇప్పుడు ఆవిడ ఒడిలో ఉంది. దాని మీద చెయ్యి ఉంది. ఆరింటి నుంచి తియ్యలేదట. అప్పుడు మధ్యాహ్నం రెండయింది. ఇంకా ఏమీ తినలేదు. దీనికేమైనా ఉపాయం ఉందా అని అడగడానికి నన్ను పిలిపించింది. ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్నదాన్ని కదా.

మట్టికి ఆ ఉపాయం లేదండీ అన్నాను. మూడు గంటలు ఎవరి చెయ్యీ తగలకపోతే పోతుంది. అది మార్చడం ఎవరికీ రాదు.

నేను లేవబోయాను. మళ్ళీ కూర్చున్నాను.

మీరు లేచి భోంచెయ్యండి, అంతవరకూ నేను పట్టుకుంటాను అన్నాను.

నవంబరు 15

పన్నెండో రోజు.

వంతులు వేసుకున్నాం. పొద్దుటి పూట సువార్త. మధ్యాహ్నం నేను. సాయంత్రం మేనక, పుస్తకం చదువుకుంటూ ఒక చేత్తో పట్టుకుంటుంది. రహమతున్నీసా తెల్లవారుజామున నమాజయ్యాక వచ్చి రెండు గంటలు కూర్చుంటుంది. అబ్బులు అడిగాడు, అతనికీ ఒక వంతు ఇచ్చాం. మిగతా అంతా చూడామణిగారే. పడుకున్నప్పుడు కంచం మీద చెయ్యి వేసుకునే పడుకుంటారట. మూడు గంటలు మించకుండా లేచి చూసుకుంటారు. రోజుకి ఒకపూట అందులోనే తింటారు. తిన్న తర్వాత ఇద్దరం పట్టుకుని కడుగుతాం.

అడిగితే వచ్చిన వస్తువుల్లో పన్నెండు రోజులు నిలిచింది ఎర్రమెట్టలో ఇదొక్కటే. అంచున ఒకచోట చిన్న గీత పడింది. గరిటె తగిలిందో, ఎవరి గాజు తగిలిందో తెలియదు. ఈ కంచాన్ని ఆయన ఎప్పుడూ తాకలేదు. ఆయన సంగతులు మాత్రం దీన్ని పట్టుకుని కూర్చున్నప్పుడే ఆవిడ చెబుతుంది. పచ్చిమిరపకాయ పక్కన పెట్టుకుని తినేవాడట. కోపం వస్తే అన్నం కలపకుండా కూర్చునేవాడట.

దీన్ని తనిఖీ పుస్తకంలో ఏ గడిలో రాయాలో తెలియలేదు. లోపం కాదు. మట్టి తన పని సరిగానే చేస్తోంది. చెయ్యి తగిలినంతసేపూ ఉంటోంది.

ఇవాళ పన్నెండున్నరకి వెళ్ళాను. చూడామణిగారు కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. స్నానానికి లేవాలి. కంచం నా వైపు జరిపారు. నేను అటు అంచున రెండు చేతులూ వేశాను. ఆవిడ చెయ్యి ఇంకా ఇటు అంచునే ఉంది.

"పట్టుకున్నావా?" అని అడిగారు.

"పట్టుకున్నానండి" అన్నాను.

నా మొహంలోకి ఒకసారి చూసి, అప్పుడు గాని ఆవిడ చెయ్యి తియ్యలేదు.